ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కును డెస్క్‌టాప్‌కు కలపడం

ల్యాప్‌టాప్ నుంచి విప్పి తీసిన హార్డ్ డిస్కును గానీ, దాని స్థానంలోకి వచ్చిన ఎస్ఎస్‌డీని గానీ డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు తగిలించి అందులోని ఫైళ్లు తీసుకోవచ్చు. కావాలంటే ఆ డిస్కును అక్కడే అదనపు నిల్వగా వాడుకోవచ్చు. మదర్‌బోర్డు కాలిపోయినా, స్క్రీన్ పగిలినా, చార్జింగ్ పిన్ ఊడిపోయినా ల్యాప్‌టాప్ మూలన పడుతుంది గానీ చాలాసార్లు డిస్కుకు ఏమీ కాదు. సర్వీస్ సెంటర్లో బోర్డు మార్చడానికి చెప్పే ధర విని ఫైళ్లమీద ఆశ వదులుకునేవాళ్లు ఈ సంగతి ముందుగా తెలుసుకోవాలి. కేబుల్ తగిలించడం ఇందులో చిన్న పని. ఆ డిస్కుకు ఉన్న కనెక్టరు ఏదో, దానికి ఏ తాళం వేసి ఉందో, అది ఆరోగ్యంగా ఉందో లేదో తేల్చుకోవడమే అసలు పని. డిస్కు కొత్తది కొనుక్కోవచ్చు, అందులోని ఫొటోలు కొనలేం. అందుకే ఏ పద్ధతి ఎంచుకున్నా డిస్కు మీద ఏమీ రాయకుండా ముందు కాపీ తీసుకోవడానికే పెద్దపీట వేయాలి.

కొలతలు, కరెంటు

డెస్క్‌టాప్ డిస్కును 3.5 అంగుళాలదని, ల్యాప్‌టాప్ డిస్కును 2.5 అంగుళాలదని అంటారు. ఈ అంకెలు పైపెట్టె కొలతలు కావు, లోపల తిరిగే పళ్లెం వ్యాసాన్ని సుమారుగా చెప్పేవి. ల్యాప్‌టాప్ డిస్కు పెట్టె వెడల్పు దాదాపు 70 మి.మీ., పొడవు 100 మి.మీ. ఉంటుంది. డెస్క్‌టాప్ డిస్కుకు ఇవి 101.6, 147 మి.మీ. మొదటి 3.5 అంగుళాల డిస్కును స్కాట్లాండ్ కంపెనీ రోడైమ్ 1983లో తెచ్చింది. 2.5 అంగుళాల డిస్కును 1988లో అమెరికాకు చెందిన ప్రెయిరీటెక్ తెచ్చింది. దాని సామర్థ్యం 20 ఎంబీ, అంటే ఇవాళ ఫోన్‌తో తీసిన నాలుగైదు ఫొటోలకు పట్టే చోటు. తొలినాళ్ల ల్యాప్‌టాప్ డిస్కులు 19 మి.మీ. మందం ఉండేవి. తర్వాత 12.5కు, ఆపై చాలాకాలం 9.5కు, చివరికి 7 మి.మీ.కు తగ్గాయి.

కొలతల కన్నా ముఖ్యమైన తేడా కరెంటులో ఉంది. డెస్క్‌టాప్ డిస్కులో మోటారు తిరగడానికి 12 వోల్టులు కావాలి. ల్యాప్‌టాప్ డిస్కు మాత్రం బ్యాటరీని దృష్టిలో పెట్టుకుని తయారైంది కాబట్టి 5 వోల్టులతోనే అంతా నడుపుకుంటుంది. డెస్క్‌టాప్ ఎస్ఎంపీఎస్ ఈ రెండు వోల్టేజీలూ ఇస్తుంది. అందువల్ల ల్యాప్‌టాప్ డిస్కును డెస్క్‌టాప్‌లో పెట్టడానికి కరెంటుపరంగా అడ్డంకి లేదు. యూఎస్‌బీ పోర్టు ఇచ్చేదీ 5 వోల్టులే కాబట్టి ఈ డిస్కు విడిగా అడాప్టర్ లేకుండా యూఎస్‌బీ మీద కూడా నడుస్తుంది. డెస్క్‌టాప్ డిస్కుకు మామూలు యూఎస్‌బీ కేబుల్‌తో ఆ వెసులుబాటు లేదు.

ఐడీఈ కాలపు డిస్కులు

2005కు ముందరి ల్యాప్‌టాప్‌లలో దాదాపు అన్నిటా ఐడీఈ డిస్కులే ఉంటాయి. పాత అల్మారాల్లోంచి బయటపడేవి, పదిహేను ఇరవై ఏళ్ల కిందటి పెళ్లి ఫొటోలూ థీసిస్‌లూ దాచుకున్నవి ఎక్కువగా ఇవే. డిస్కులు పాడయ్యేదీ ఎక్కువగా వీటిని తగిలించేటప్పుడే, కాబట్టి వీటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

డెస్క్‌టాప్ ఐడీఈ డిస్కుకు డేటా కోసం 40 పిన్నులు, కరెంటు కోసం విడిగా నాలుగు పిన్నుల మాలెక్స్ కనెక్టరు ఉంటాయి. ల్యాప్‌టాప్ డిస్కులో చోటు లేదు కాబట్టి డేటా, కరెంటు ఒకే కనెక్టరులో సర్దేశారు. మొత్తం 44 పిన్నులు. మొదటి 40 డేటావి, 41, 42 పిన్నులు 5 వోల్టులవి, 43 ఎర్త్. పిన్నుల మధ్య దూరం కూడా 2.54 మి.మీ. నుంచి 2 మి.మీ.కు తగ్గింది. అందుకే డెస్క్‌టాప్ కేబుల్ దీనికి సూటిగా పట్టదు, మధ్యలో చిన్న అడాప్టర్ ముక్క కావాలి. దాని ఒక వైపు డిస్కుకు, రెండో వైపు 40 పిన్నుల కేబుల్‌కు పోతుంది. పక్కనుంచి వచ్చే ఎర్ర, నల్ల వైర్లు మాలెక్స్‌కు వెళ్తాయి.

ప్రమాదం ఇక్కడే ఉంది. ల్యాప్‌టాప్ డిస్కు పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోడ ఉండదు, అడాప్టర్‌ను తిరగేసి కూడా నొక్కవచ్చు. అలా నొక్కితే 41, 42కు రావలసిన 5 వోల్టులు 4, 3 డేటా పిన్నుల్లోకి పోతాయి. డిస్కు మీది సర్క్యూట్ కాలిపోవడానికి అది చాలు. తప్పు జరగకుండా 20వ పిన్ను కావాలని తీసేశారు. అడాప్టర్‌లో అదే చోట రంధ్రం మూసి ఉంటే తిరగేసి పెట్టినప్పుడు లోపలికి దిగదు. అయితే ఆ రంధ్రం మూయని అడాప్టర్లూ బజారులో ఉన్నాయి. నమ్మదగిన గుర్తు మరొకటి ఉంది. 44 పిన్నులకు ఒక చివర, కాస్త ఎడం వదిలి, జంపర్ కోసం మరో నాలుగు పిన్నులు ఉంటాయి. ఆ జంపర్ పిన్నుల వైపు ఉన్నదే ఒకటో పిన్ను. అడాప్టర్ మీది 1 గుర్తు, కేబుల్‌కు ఒక అంచున ఉండే ఎర్ర గీత రెండూ అటువైపే రావాలి. అడాప్టర్ ఒక వరుస పక్కకు జరిగి కూర్చున్నా ముప్పే, కనుక కరెంటు ఇచ్చే ముందు టార్చి వేసి రెండు చివర్లూ చూడటం మంచిది. జంపర్ ఏదీ పెట్టకపోతే చాలా ల్యాప్‌టాప్ డిస్కులు మాస్టర్‌గా పనిచేస్తాయి. కాబట్టి అదే కేబుల్ మీద ఇంకో మాస్టర్ లేకుండా చూడాలి.

ఇప్పటి మదర్‌బోర్డుల మీద ఐడీఈ పోర్టే కనిపించదు. ఇంటెల్ 2006లో తెచ్చిన చిప్‌సెట్ల నుంచి దాన్ని తీసేసింది. అందుకని పాత డిస్కును కొత్త డెస్క్‌టాప్‌కు కలపాలంటే ఐడీఈ, సాటా రెండింటికీ పనికొచ్చే యూఎస్‌బీ కన్వర్టర్ తెచ్చుకోవడం ఉత్తమం. ఇలాంటివి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటర్ బజార్లలో అడిగి కొనుక్కోవచ్చు.

సాటా వచ్చాక

2003లో మొదటి ప్రమాణం వెలువడిన సాటా ఈ తలనొప్పిని తీసేసింది. ల్యాప్‌టాప్ డిస్కుకూ డెస్క్‌టాప్ డిస్కుకూ ఒకే కనెక్టరు: డేటాకు 7, కరెంటుకు 15 కాంటాక్టులు. రెండూ ఇంగ్లిష్ ఎల్ అక్షరం ఆకారంలో ఉంటాయి కాబట్టి తిరగేసి పెట్టడం కుదరదు. క్యాబినెట్ మూత తీసి, మదర్‌బోర్డు నుంచి సాటా కేబుల్, ఎస్ఎంపీఎస్ నుంచి పవర్ కేబుల్ తెచ్చి తగిలిస్తే సరిపోతుంది. తొలి సాటా వేగం సెకనుకు 1.5 గిగాబిట్లు, తర్వాతి తరాలవి 3, 6 గిగాబిట్లు. పాత డిస్కును కొత్త పోర్టుకు పెట్టినా, కొత్తదాన్ని పాతదానికి పెట్టినా, రెండింటిలో తక్కువ వేగంతో పనిచేస్తుంది.

ఒక చిన్న చిక్కు మాత్రం ఉంది. కొన్ని ల్యాప్‌టాప్ మోడళ్లలో డిస్కు చివర కంపెనీ తొడిగిన చిన్న కనెక్టరు ముక్కో పట్టీ కేబులో ఉంటుంది. అది డిస్కులో భాగమేననుకుని ఈ డిస్కుకు సాటా లేదని తేల్చేసేవాళ్లున్నారు. మెల్లగా రెండు వైపులా సమానంగా లాగితే అది ఊడివస్తుంది, కింద అసలు సాటా కనెక్టరు కనిపిస్తుంది. ఆ ప్లాస్టిక్ నాలుక పలచనిది, పక్కకు వంచితే విరుగుతుంది.

డిస్కును క్యాబినెట్‌లో శాశ్వతంగా బిగించాలంటే 2.5 నుంచి 3.5 అంగుళాలకు మార్చే బ్రాకెట్ కావాలి. ల్యాప్‌టాప్ డిస్కుకు పట్టేవి ఎం3 స్క్రూలు. డెస్క్‌టాప్ డిస్కుల లావు స్క్రూలను ఇందులోకి బలవంతంగా తిప్పితే మర పాడవుతుంది. ఫైళ్లు తీసుకునేంతవరకే అయితే బిగించనక్కర్లేదు గానీ, కింద అట్ట ముక్క వేసి, తిరుగుతున్నంతసేపూ కదపకుండా ఉంచాలి. సర్క్యూట్ వైపు క్యాబినెట్ రేకుకు తగలకూడదు.

ఎం.2 ఎస్ఎస్‌డీలు

గత పదేళ్లలో వచ్చిన పలచని ల్యాప్‌టాప్‌లలో పళ్లాలు తిరిగే డిస్కు ఉండదు. 22 మి.మీ. వెడల్పు, ఎక్కువగా 80 మి.మీ. పొడవు ఉండే ఎం.2 ఎస్ఎస్‌డీ ముక్క ఉంటుంది. దీన్ని డెస్క్‌టాప్ మదర్‌బోర్డు మీది ఎం.2 స్లాటులో ఏటవాలుగా దించి, చివర చిన్న స్క్రూతో బిగిస్తారు. ఆకారం ఒకటే అయినా లోపల రెండు జాతులున్నాయి: సాటా భాష మాట్లాడేవి, ఎన్‌వీఎంఈ భాష మాట్లాడేవి. అంచున ఒకే గాడి ఉంటే సాధారణంగా ఎన్‌వీఎంఈ, రెండు గాళ్లుంటే చాలావరకు సాటా. గాడిని మాత్రమే నమ్మకుండా లేబుల్ మీది మోడల్ నంబరు చూసి నిర్ధారించుకోవాలి. ఎన్‌వీఎంఈకి మాత్రమే పనికొచ్చే స్లాటులో సాటా ముక్క పెడితే అది లోపలికి చక్కగా దిగుతుంది, కాని సిస్టమ్‌కు కనిపించదు. యూఎస్‌బీ కేసింగులదీ ఇదే తంతు, కొన్ని ఒక జాతికే పనికొస్తాయి. మరో సంగతి, కొన్ని మదర్‌బోర్డుల్లో ఎం.2 స్లాటు నిండితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. కొత్త ఎస్ఎస్‌డీ పెట్టాక పాత డిస్కు కనిపించకపోతే అది పాడైందని కంగారుపడకుండా మదర్‌బోర్డు మాన్యువల్ చూడాలి.

యూఎస్‌బీ దారి

ఇంట్లో చేసుకునేవాళ్లకు యూఎస్‌బీ కేసింగే మేలని చెప్పాలి. క్యాబినెట్ విప్పనక్కర్లేదు. అంతకన్నా ముఖ్యంగా, విండోస్ పూర్తిగా లేచాక డిస్కు తగిలించవచ్చు. ఈ క్రమానికి ఉన్న విలువ చాలామందికి తెలియదు. లోపల సాటా కేబుల్‌కు తగిలించి సిస్టమ్ ఆన్ చేస్తే రెండు ముప్పులున్నాయి. ఒకటి, బయాస్ ఆ ల్యాప్‌టాప్ డిస్కు నుంచే బూట్ కావచ్చు. అందులోని విండోస్ కొత్త యంత్రం చూసి డ్రైవర్లు మార్చడం మొదలుపెడుతుంది, ఎక్స్‌పీ కాలపు డిస్కయితే బ్లూ స్క్రీన్‌తో ఆగిపోతుంది. రెండు, ఆ డిస్కులో లోపాలున్నాయని విండోస్ అనుకుంటే బూట్ సమయంలోనే చెక్‌డిస్క్ నడిపి దాన్ని బాగుచేయబోతుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్కుకు ఆ రాతలు ప్రాణాంతకం.

యూఎస్‌బీలో లోపం వేగం, కరెంటు. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలని ప్రమాణం. తిరగడం మొదలుపెట్టే క్షణంలో ల్యాప్‌టాప్ డిస్కుకు ఒక ఆంపియర్ దాకా అవసరపడవచ్చు. చాలక డిస్కు టిక్ టిక్ మంటూ ఆగి ఆగి లేస్తుంటే డిస్కు పోయిందని అనుకోకూడదు. ముందు క్యాబినెట్ వెనకవైపు మదర్‌బోర్డుకే ఉన్న పోర్టులో పెట్టి చూడాలి. పాత సిస్టమైతే రెండు పోర్టుల నుంచి కరెంటు తీసుకునే వై కేబుల్ వాడాలి. యూఎస్‌బీ 2.0 మీద ఆచరణలో సెకనుకు 35 ఎంబీ వస్తే గొప్ప. 500 జీబీ కాపీ కావడానికి దాదాపు నాలుగు గంటలు. యూఎస్‌బీ 3.0లో డిస్కు సెకనుకు 100 ఎంబీ ఇవ్వగలిగితే అదే పని గంటన్నర లోపు అయిపోతుంది.

విప్పేటప్పుడు

ల్యాప్‌టాప్‌ను షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, బ్యాటరీ ఊడదీశాకే డిస్కు మీద చేయి వేయాలి. పాత మోడళ్లలో అడుగున డిస్కుకు విడిగా మూత ఉండేది, రెండు స్క్రూలతో బయటికి వచ్చేది. కొత్తవాటిలో అడుగు మూత మొత్తం తీయాలి, లోపల బ్యాటరీ కనెక్టరును ముందు వేరుచేయాలి. ల్యాప్‌టాప్ ఇంకా పనిచేస్తుంటే షిఫ్ట్ కీ నొక్కిపట్టి షట్‌డౌన్ చేయడం మంచిది. విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ వల్ల మామూలు షట్‌డౌన్‌లో డిస్కు సగం నిద్రలో ఉండిపోతుంది, షిఫ్ట్‌తో పూర్తిగా మూతపడుతుంది. డిస్కు ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకితే ఒంట్లోని స్టాటిక్ విద్యుత్తు దిగిపోతుంది.

సిస్టమ్‌లో కనిపించకపోతే

డిస్కు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూ, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రం రాకపోతే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడాలి. అక్కడ పార్టిషన్ మామూలుగా కనిపిస్తూ డ్రైవ్ అక్షరం మాత్రమే లేకపోతే, దానికో అక్షరం ఇస్తే సరి. డిస్కును ఇనీషియలైజ్ చేయమని గానీ, ఫార్మాట్ చేయమని గానీ విండోస్ అడిగితే మాత్రం క్యాన్సిల్ నొక్కడమే. ఖాళీ డిస్కును చూసి అడగాల్సిన ప్రశ్ననే తనకు అర్థంకాని డిస్కును చూసి కూడా విండోస్ అడుగుతుంది. లైనక్స్ వాడిన ల్యాప్‌టాప్‌లోని ఎక్స్‌ట్4 పార్టిషన్, మ్యాక్‌బుక్‌లోని ఏపీఎఫ్ఎస్ పార్టిషన్ దానికి చదవరావు. అలాంటప్పుడు లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో డెస్క్‌టాప్‌ను లేపితే విండోస్, లైనక్స్ పార్టిషన్లు రెండూ చదవవచ్చు.

యూజర్స్ ఫోల్డర్ తెరవబోతే అనుమతి లేదన్న సందేశం రావడం సర్వసాధారణం. పాత ల్యాప్‌టాప్‌లోని ఖాతా ఈ సిస్టమ్‌కు తెలియదు కాబట్టి అలా వస్తుంది. అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో ఉండి కంటిన్యూ నొక్కితే ఫోల్డర్ తెరుచుకుంటుంది, దాని అనుమతుల్లో చిన్న మార్పు మాత్రం డిస్కు మీద పడుతుంది. విండోస్ పాస్‌వర్డ్ ఇక్కడ అడ్డుకాదు. అంటే పాస్‌వర్డ్ పెట్టిన ల్యాప్‌టాప్ దొంగచేతికి చిక్కితే, డిస్కు విప్పి చదవడానికి వాడికీ ఇదే దారి. బిట్‌లాకర్ వచ్చింది అందుకే.

బిట్‌లాకర్ తాళం

బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉన్న ల్యాప్‌టాప్‌లో తాళంచెవి మదర్‌బోర్డు మీది టీపీఎం చిప్‌లో ఉంటుంది. డిస్కు ఒక్కటే వేరే సిస్టమ్‌కు వెళ్తే ఆ చిప్ తోడు రాదు, 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో ల్యాప్‌టాప్ వాడినవాళ్లకు ఆ కీ సాధారణంగా ఆ ఖాతాలో దాచి ఉంటుంది, ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐటీ విభాగం దగ్గర దొరుకుతుంది. ఎక్కడా దొరకకపోతే ఏ దుకాణమూ దాన్ని తెరవలేదు, తెరుస్తామని డబ్బు అడిగేవాళ్లను నమ్మనక్కర్లేదు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన చాలా యంత్రాల్లో ఈ ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలవుతోంది. తన డిస్కుకు తాళం పడిందన్న సంగతే యజమానికి తెలియని పరిస్థితి ఇది. ల్యాప్‌టాప్ బాగున్న రోజునే ఆ 48 అంకెలు కాగితం మీద రాసి దాచుకోవాలి. ఇది కాక, కొన్ని ల్యాప్‌టాప్‌ల బయాస్‌లో పెట్టే హార్డ్ డిస్క్ పాస్‌వర్డ్ డిస్కులోనే నిలిచిపోతుంది, ఏ సిస్టమ్‌కు కలిపినా వెంట వస్తుంది.

చెడిపోతున్న డిస్కు

క్రమంగా వచ్చే క్లిక్ శబ్దం, ఒక ఫోల్డర్ తెరవడానికి నిమిషాలు పట్టడం, కాపీ మధ్యలో డిస్కు మాయమవడం చెడు సూచనలు. డిస్కు తన స్థితిని స్మార్ట్ అనే పట్టికలో తనే రాసుకుంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని చూపిస్తుంది. పట్టికలో 5వ వరుస వేరే చోటికి మార్చిన సెక్టార్లను, 197వది చదవలేక పెండింగ్‌లో పడినవాటిని లెక్కిస్తాయి. రెండోది సున్నా కాకుండా పెరుగుతూ పోతుంటే ఆ డిస్కుకు ఎక్కువ ఆయుష్షు లేదనే అనుకోవాలి.

అలాంటి డిస్కులో ఫోల్డర్లు తెరిచి తీరిగ్గా వెతకడం, వైరస్ స్కాన్ చేయడం, డిఫ్రాగ్ నడపడం వద్దు. అన్నిటికన్నా కావలసిన ఫైళ్లను ముందుగా తీసుకోవాలి. వీలైతే లైనక్స్‌లోని డీడీరెస్క్యూతో మొత్తం డిస్కును ఇంకో డిస్కు మీదికి ప్రతిగా తీయాలి. అది తేలిగ్గా చదవగలిగిన భాగాలను ముందు తీసుకుని, మొరాయించే చోట్లకు తర్వాత తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి మర్నాడు కొనసాగించవచ్చు. టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ వంటి రికవరీ సాధనాలను ఆ ప్రతి మీదే నడపాలి. డిస్కును ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందన్న చిట్కా ఇప్పటికీ తిరుగుతోంది. బయటికి తీయగానే పళ్లాల మీద తేమ పడుతుంది, ఆ స్థితిలో తిప్పితే ఉన్న కాస్త ఆశా పోతుంది. మూత విప్పి చూడటమూ అంతే. పళ్లానికీ హెడ్డుకూ మధ్య ఎడం ధూళి రేణువు కన్నా తక్కువ. క్లిక్ శబ్దం ఆగకుండా వస్తుంటే, ఫైళ్లు నిజంగా అవసరమైతే, డిస్కుకు మళ్లీ కరెంటు ఇవ్వకుండా క్లీన్ రూమ్ ఉన్న డేటా రికవరీ సంస్థకు పంపడమే దారి.

ఏవేవి తీసుకోవాలి

డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ ఫోల్డర్లు ఎవరైనా తీసుకుంటారు. మరిచిపోయేవి వేరే ఉంటాయి. ట్యాలీ డేటా ఫోల్డర్, అవుట్‌లుక్ మెయిళ్ల ఫైలు, దాచి ఉండే యాప్‌డేటా ఫోల్డర్‌లోని బ్రౌజర్ బుక్‌మార్కులు అలాంటివి. తెలుగువాళ్లు మరొకటి గుర్తుంచుకోవాలి. డీటీపీ సెంటర్లలో, ప్రెస్సుల్లో, చిన్న పత్రికల ఆఫీసుల్లో ఏళ్ల తరబడి అను, శ్రీలిపి ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో టైపు చేసిన మేటర్ యూనికోడ్‌లో ఉండదు. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కనిపిస్తాయి. ఫైలు పాడైందని భ్రమపడి తీసేసినవాళ్లున్నారు. పాత డిస్కులో విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్‌ను కూడా పక్కన కాపీ చేసి ఉంచుకుంటే ఆ రాతలు మళ్లీ చదవొచ్చు, యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. కాపీ అయ్యాక నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడాలి. ఫైలు పేరు వచ్చినంత మాత్రాన లోపల సరుకు వచ్చినట్టు కాదు.

తర్వాత ఆ డిస్కు

ఆరోగ్యంగా ఉన్న డిస్కును డెస్క్‌టాప్‌లో రెండో డిస్కుగా నిక్షేపంగా వాడుకోవచ్చు. చాలా ల్యాప్‌టాప్ డిస్కులు నిమిషానికి 5400 సార్లే తిరుగుతాయి కాబట్టి సినిమాలు, ఫొటోలు దాచడానికి బాగుంటాయి, విండోస్ నడపడానికి నెమ్మది. ఒకరికి ఇచ్చేయాలనో అమ్మాలనో అనుకుంటే క్విక్ ఫార్మాట్ చాలదు. అది విషయసూచికను మాత్రమే చెరుపుతుంది, ఫైళ్లు అక్కడే ఉంటాయి. పళ్లాల డిస్కు మీద ఒకసారి మొత్తం సున్నాలు రాయాలి. ఎస్ఎస్‌డీకి కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోని సెక్యూర్ ఎరేజ్ వాడాలి.

ఈ పద్ధతులేవీ పనికిరాని ల్యాప్‌టాప్‌లూ పెరుగుతున్నాయి. చవక ల్యాప్‌టాప్‌లలోని ఈఎంఎంసీ నిల్వను, 2016 తర్వాతి చాలా మ్యాక్‌బుక్ ప్రోలలోని ఫ్లాష్ చిప్పులను మదర్‌బోర్డుకే అతికించి ఉంచుతారు. విప్పి తీయడానికి అక్కడ డిస్కు ఉండదు. ఆ బోర్డు పోతే మిగిలేది, అంతకుముందు ఎక్స్‌టర్నల్ డిస్కులోనో క్లౌడ్‌లోనో తీసిపెట్టుకున్న బ్యాకప్ మాత్రమే.